బానెట్ రేకు లోపలి ఫ్రేము నుంచి విడిపోతే: గుర్తుపట్టడం, మళ్ళీ అతికించడం

కావలి దాటి ఒంగోలు వైపు ఎన్‌హెచ్ 16 మీద తొంభైలో పోతూ లారీని దాటేటప్పుడు ముందు అద్దంలోంచి బానెట్‌ను గమనించండి. చెరువు నీళ్ళ మీద గాలి తోలినట్టు రేకు నడిమి భాగం అలలుగా కదులుతుంటే, కింద నుంచి డబడబమని చప్పుడు వస్తుంటే, లాక్ వదులైందేమోనని చాలామంది దాన్నే బిగిస్తారు. అయినా చప్పుడు పోదు. లాక్ బాగానే ఉంటుంది, పై రేకు లోపలి ఫ్రేము నుంచి విడిపోయి ఉంటుంది. అరవై దాటకుండా ఊళ్ళో తిరిగే బండిలో ఇది ఏళ్ళ తరబడి బయటపడదు. గాలి ఒత్తిడి వేగానికి వర్గంలో పెరుగుతుంది కాబట్టి, 60 నుంచి 100కు పోయేసరికి రేకు మీద పడే శక్తి దాదాపు 2.8 రెట్లు అవుతుంది. అందుకే ఈ జబ్బు హైవే మీదే కనబడుతుంది.

ఈ పని ఇంటి దగ్గర చేసుకోగలిగిందే. చెయ్యి తిరిగిన టింకరింగ్ మేస్త్రీలు కూడా ఇందులో ఒక పొరపాటు చేస్తుంటారు. రేకును గట్టిగా పట్టి ఉంచాలనుకుని గట్టి జిగురు పెట్టేస్తారు. ఇక్కడ కావలసింది బిగింపు కాదు, రేకు ఊగకుండా మెత్తగా ఆపడం. కింద చెప్పే ప్రతి అడుగూ ఈ తేడా మీదే నిలబడి ఉంది.

లోపల ఏముంటుంది

బానెట్ అంటే ఒక రేకు కాదు, రెండు. పైన కనబడే నున్నటి రేకు మందం మామూలుగా 0.6 నుంచి 0.8 మిల్లీమీటర్లు. దాని కింద పక్కటెముకల్లాంటి గాడులతో, పెద్ద పెద్ద రంధ్రాలతో ఉండేది ఫ్రేము. లాక్ కొక్కెం, బందులు అన్నీ ఫ్రేముకే ఉంటాయి. ఈ రెంటినీ కలిపే చోట్లు కూడా రెండు రకాలు. చుట్టూ అంచు వెంబడి, పంచె అంచు మడిచి కుట్టినట్టు, పై రేకును ఫ్రేము మీదికి మడిచి నొక్కుతారు. ఆ మడతలో గట్టి ఎపాక్సీ జిగురు ఉంటుంది. నడిమి భాగంలో మాత్రం రబ్బరులాంటి మెత్తటి ముద్దలు వరసగా పెడతారు. పై రేకుకు స్పాట్ వెల్డింగ్ కొడితే పైన గుంటలు కనబడతాయి, అందుకని ముద్దలే ఆధారం. రేకుకూ ఫ్రేముకూ మధ్య 2 నుంచి 5 మిల్లీమీటర్ల సందును అవి నింపి రేకును ఊగనివ్వకుండా ఆపుతాయి.

ఈ ముద్దలు ఎండిపోయి గట్టిపడితే పట్టు వదులుతాయి. ఇంజిన్ వేడి కింద నుంచి, రోహిణి కార్తె ఎండ పై నుంచి ఏళ్ళ తరబడి కాలుస్తుంటే వయసు మీద పడ్డ బండికి అది తప్పదు. దాన్ని తొందరపెట్టే అలవాట్లు మనవే కొన్ని ఉన్నాయి. ఇంజిన్‌ను డీజిల్‌తోనో కిరోసిన్‌తోనో కడగడం వాటిలో మొదటిది, నూనె ముద్దల అంచుల్లోకి దిగి పట్టును వదిలిస్తుంది. రెండోది బానెట్ మూసేటప్పుడు నడిమధ్యలో రెండు అరచేతులూ ఆనించి నొక్కడం. ఊరేగింపుల్లో కుర్రాళ్ళు బానెట్ ఎక్కి కూర్చుంటే ఒక్క పూటలోనే నడిమి వరస ముద్దలన్నీ ఊడిపోగలవు.

ఊడిన చోట్లు పట్టుకోవడం

పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, నీడలో చూడండి. ముందు బానెట్ మూసి, వేలి కణుపులతో అడ్డంగా, నిలువుగా జానెడు దూరానికి ఒకసారి తడుతూ పొండి. ముద్ద పట్టుకుని ఉన్న చోట దబ్ అని మొద్దు చప్పుడు, ఊడిన చోట టంగ్ అని డొల్ల చప్పుడు వస్తాయి. అనుమానం ఉన్న చోట అరచెయ్యి పరిచి మెల్లగా ఒత్తండి. రేకు కాస్త దిగి ఫ్రేముకు తగిలి ఆగుతున్నట్టుంటే అక్కడ పట్టు లేదు. ఆ చోట పైన మాస్కింగ్ టేప్ ముక్క అంటించండి.

తర్వాత బానెట్ ఎత్తి, కింద ఉండే వేడి నిరోధక పరుపు తీయండి. దాని ప్లాస్టిక్ పిన్నులు ఎండకు పెళుసెక్కి విరిగిపోతాయి, ముందే పదిదాకా కొత్తవి తెచ్చుకోండి. ఇప్పుడు ఒక్కో ముద్దకూ రేకుకూ మధ్య మందపాటి కాగితం దూర్చి చూడండి. కాగితం దూరిందంటే ముద్ద పని అయిపోయినట్టే. ఫ్రేముకు గట్టిగా అంటుకుని రేకును వదిలేసిన ముద్దలే ఎక్కువ కనబడతాయి. చూడడానికి బాగానే ఉంటాయి కాబట్టి కంటిని నమ్మొద్దు, కాగితాన్ని నమ్మండి.

జిగురు జోలికి పోకముందే ఇంకో మూడు చోట్లు చూడాలి. బందుల బోల్టులు బిగువుగా ఉన్నాయా, బానెట్ మూలల కింద రబ్బరు బుడిపెలు అరిగిపోయాయా, లాక్ కొక్కెం చుట్టూ ఫ్రేము చిట్లిందా. మొదటి రెండూ అయితే స్పానరుతో, కొత్త రబ్బర్లతో తీరిపోతాయి. మూడోది ఉంటే మాత్రం ఈ పద్ధతి మానెయ్యండి. కొక్కెం దగ్గరో బందుల దగ్గరో ఫ్రేము చిట్లిన బానెట్ హైవే మీద ఎగిరి అద్దానికి కొట్టుకునే ప్రమాదం ఉంది. దానికి జిగురు మందు కాదు, బానెట్ మార్చడమే దారి. లాక్ వదిలినా బానెట్‌ను ఆపే రెండో కొక్కెం ఒకటి ఉంటుంది. అది తుప్పుపట్టి కదలకుండా ఉందేమో చూసి గ్రీజు పెట్టండి.

బానెట్‌కు అయస్కాంతం ఆనించి చూడండి. అంటుకోకపోతే అది చాలావరకు అల్యూమినియమే. దాని మీద ఉక్కు బ్రష్షు, ఉక్కు పీచు వాడొద్దు, ఉక్కు రేణువులు అందులో దిగి తుప్పుకు దారితీస్తాయి. మిగతా పని ఒకటే.

ఏం కావాలి

కారు బాడీకి వాడే పాలీయురేథేన్ సీలెంట్, షాపుల్లో పీయూ సీలెంట్ అంటే ఇస్తారు, 300 మి.లీ. ట్యూబు ఒకటి చాలు. లెక్క చూడండి: 4 మిల్లీమీటర్ల సందులో 3 సెంటీమీటర్ల వెడల్పు ముద్దకు పట్టేది 3 మి.లీ. లోపే. చిదికిపోయేందుకు కాస్త ఎక్కువ వేసి 4 మి.లీ. అనుకున్నా ఇరవై ముద్దలకు 80 మి.లీ. అవుతుంది. కొనేటప్పుడు గడువు తేదీ చూడండి, ట్యూబును వేళ్ళతో నొక్కి చూడండి. మన ఎండల్లో షాపు అటకమీద పడి ఉన్న ట్యూబు లోపలే గట్టిపడి ఉండవచ్చు. నొక్కితే లొంగాలి.

దాంతోపాటు సీలెంట్ గన్ను, అర లీటరు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలు బనియన్ వేస్ట్, ప్లాస్టిక్ పట్టీ, 320 నంబరు ఎమరీ పేపరు, చిన్న డబ్బా ఎపాక్సీ ప్రైమరు, చేతి తొడుగులు, వాడని ఏటీఎం కార్డులు నాలుగైదు, అరకిలో చొప్పున ఇసుక నింపిన గుడ్డ సంచులు ఆరు కావాలి. గాలాలు అమ్మే కొట్లో దొరికే నైలాన్ దారం రెండు మూరలు కూడా తెచ్చుకోండి, దాని పని తర్వాత చెప్తాను.

ఏం వాడకూడదో కూడా అంతే ముఖ్యం. ఎమ్‌సీల్, అరాల్డైట్‌లాంటి గట్టి జిగుర్లు ఈ నడిమి ముద్దలకు పనికిరావు. ఎండకు రేకు పెరుగుతుంది, చల్లబడితే తగ్గుతుంది. గట్టి జిగురు ఆ కదలికకు ఒప్పుకోదు. కొన్నాళ్ళకే పైన ఒక్కో ముద్ద చోటా చిన్న గుంటలాగో బుడిపెలాగో అచ్చు పడుతుంది, లేదా ప్రైమరును కూడా పెకలించుకుని ఊడొస్తుంది. డబ్బాలోంచి ఉబికివచ్చే నురగ ఫోమ్ ఇంకా చేటు. అది ఉబ్బుతూ రేకును పైకి నెడుతుంది, తర్వాత నీళ్ళు పట్టి ఉంచి లోపలినుంచి తుప్పు పట్టిస్తుంది. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ఒట్టి లోహాన్ని తినేస్తుంది. పైగా సిలికాన్ ఆనవాలు తగిలిన చోట తర్వాత పెయింట్ కొడితే చేపకళ్ళలాంటి గుంటలు పడతాయి. పెయింటరుకు అది తీరని తలనొప్పి.

పాత ముద్దలు తీయడం

పనిలో మూడొంతులు ఇదే. ఇంజిన్ మీద పాత దుప్పటి కప్పండి. ఊడిన ముద్దలను ప్లాస్టిక్ పట్టీతో ఫ్రేము నుంచి గీకి తీయండి. స్క్రూడ్రైవరుతో పొడిస్తే పై రేకుకు బయటివైపు మొటిమ లేస్తుంది, అది మళ్ళీ పోదు. సగం పట్టుకుని సగం వదిలిన ముద్దలకే ఆ గాలపు దారం. దారాన్ని ముద్ద వెనక్కి పోనిచ్చి, రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకుని రంపంలా అటూ ఇటూ లాగితే పెయింట్ గీరుకోకుండా ముద్ద తెగుతుంది. చెయ్యి దూరని చోట పాతదాన్ని అలాగే వదిలేసి, దాని పక్కనే కొత్త ముద్దకు చోటు చూసుకోండి. పాత ముద్ద మీద కొత్త సీలెంట్ పెడితే మాత్రం నిలవదు, పాతది లోపల నూనె పీల్చుకుని ఉంటుంది.

కింది రేకుల మీద ఫ్యాక్టరీలో పూసిన బూడిదరంగు పూత ఉంటుంది. దాన్ని గీకి పారెయ్యొద్దు, తుప్పును ఆపేది అదే. 320 ఎమరీతో మెరుపు పోయేదాకా మాత్రం రుద్దండి. ఒట్టి ఉక్కు కనబడిన చోట ఎపాక్సీ ప్రైమరు పూసి ఒక రోజు ఆరనివ్వండి. తొందరపడి అదే రోజు సీలెంట్ వేస్తే ప్రైమరు రేకును వదిలేసి సీలెంట్‌తో పాటు పొరలా లేచొస్తుంది.

ఆఖర్న ఆల్కహాల్ తడిపిన గుడ్డతో రెండుసార్లు తుడవండి, రెండోసారి గుడ్డ తెల్లగా తిరిగి రావాలి. తుడిచాక కనీసం పావుగంట ఆగండి. ఆల్కహాల్ మిగిలి ఉంటే పీయూ సీలెంట్ దానితోనే కలిసిపోయి పక్వానికి రాదు, జిగటగానే ఉండిపోతుంది. ఈ ఒక్క కారణం తెలియక చాలామంది సీలెంట్ నకిలీదనుకుంటారు.

సమయం, ఎండ

మీరు ఎంత బాగా శుభ్రం చేసినా, ఎండలో కాలిన రేకు మీద అతికిస్తే పని చెడుతుంది. నల్లబండి బానెట్ మిట్టమధ్యాహ్నం 70 డిగ్రీలకు చేరడం కొత్తేమీ కాదు. మీటరు పొడవు ఉక్కు 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు అర మిల్లీమీటరు సాగుతుంది. అంచులు మడతలో బిగిసి ఉంటాయి కాబట్టి ఆ సాగుడంతా నడిమి రేకును పైకి ఉబ్బిస్తుంది. ఆ ఉబ్బు మీద ముద్ద గట్టిపడితే, సాయంత్రం చల్లబడ్డాక రేకు కిందికి రాలేక ముద్దల చోట అలలు తేలుతాయి. కాబట్టి నీడ ఉన్న షెడ్డులో, పొద్దున ఆరు, ఏడు గంటల మధ్య సీలెంట్ వెయ్యండి. బండి ముందురోజు రాత్రి నుంచే నీడలో ఉండాలి.

ఈ సీలెంట్ గాలిలో తేమతోనే గట్టిపడుతుంది. కోస్తా ఉక్కపోతలో మనకు అది మేలే. అయితే తేమ వేరు, తడి వేరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పట్టినప్పుడు రేకు అడుగున చెమ్మ చుక్కలు ఉంటే సీలెంట్ బుడగలు కట్టి స్పాంజిలా అవుతుంది. వేలితో తాకి పొడిగా ఉందని తేల్చుకున్నాకే మొదలుపెట్టండి.

ముద్దలు పెట్టడం

ఇద్దరు కావాలి. బానెట్‌ను ఊడదీసి తలకిందులుగా నేలమీద పెట్టే పద్ధతి ఒకటుంది, కానీ వంపు ఉన్న రేకు నేలకు ఒకచోటే ఆనుతుంది, ఆ చోటు లోపలికి నొక్కుకుపోతుంది. బండికే ఉంచి, బానెట్ ఎత్తి ముద్దలు పెట్టి, వెంటనే మూసేస్తే అది తన అసలు ఆకారంలోనే గట్టిపడుతుంది.

ముందు సందు కొలవండి. ఏటీఎం కార్డు ఒక్కోటి 0.76 మిల్లీమీటర్లు. ఎన్ని కార్డులు బిగుతుగా దూరితే సందు అంత. నాలుగు కార్డులంటే సుమారు 3 మిల్లీమీటర్లు. ముద్ద ఎత్తు సందు కంటే ఒకటి, రెండు మిల్లీమీటర్లు ఎక్కువ ఉంటే చాలు, అంతకు మించితే రేకును పైకి తోస్తుంది.

సీలెంట్ ముక్కును 8 మిల్లీమీటర్ల వెడల్పు వచ్చేలా ఏటవాలుగా కోయండి. లోతట్టు చోట్లకు ముక్కుకు ప్లాస్టిక్ గొట్టం తొడగవచ్చు, కానీ జానెడులోపే ఉంచండి. గొట్టం పొడవైతే చిక్కటి సీలెంట్ ముందుకు పోక, ట్యూబు వెనకభాగం పగిలి గన్నంతా నిండుతుంది.

ఫ్యాక్టరీ ముద్దలు ఉన్న చోట్లలోనే, అదే లెక్కలో పెట్టండి. జానెడు దూరానికి ఒకటి చొప్పున వస్తుంది. ఒకటేగా బారు గీతలా పొయ్యొద్దు. గీత అచ్చు పైన కనబడుతుంది, పైగా ఫ్రేములో నీళ్ళు జారే దారి మూసుకుపోతుంది. బందుల వైపు నుంచి మొదలుపెట్టి ముందు అంచు వైపు రండి. ముద్దకు అడుగున ఫ్రేము, పైన రేకు, రెండూ తడిసినట్టు ఆనాలి. చిన్న అద్దం పెట్టి పక్కనుంచి చూస్తే తెలుస్తుంది.

పాల మీద మీగడ కట్టినట్టు సీలెంట్ పైన పొర కడుతుంది. మన వేడిలో, తేమలో 20 నుంచి 30 నిమిషాల్లోనే అది మొదలవుతుంది. మీగడ కట్టకముందే చివరి ముద్ద పెట్టి బానెట్ మూసెయ్యాలి, లేకుంటే రేకుకు అంటదు. అందుకే మొత్తం పని పావుగంటలో అయ్యేట్టు అన్నీ చేతికి అందేలా పెట్టుకోండి. మూసేటప్పుడు వదిలెయ్యకుండా, ఇద్దరూ చెరో వైపు పట్టి దించండి. ముందువైపు అంచు మీద మెల్లగా నొక్కి లాక్ పడనివ్వండి.

పైన దుప్పటి పరిచి, టేప్ గుర్తులు ఉన్న చోట్ల ఇసుక సంచులు పెట్టండి. అరకిలో కంటే బరువు వద్దు. ఇప్పుడు అసలైన పరీక్ష. షెడ్డులో ట్యూబులైటు వెలిగించి, దుప్పటి అంచు ఎత్తి, పెయింట్ మీద లైటు ప్రతిబింబం గీతలా ఎలా పడుతోందో తల కిందికి వంచి చూడండి. ఆ గీత వంకర లేకుండా సాఫీగా పోవాలి. ఒక చోట లోపలికి వంగితే అక్కడ సంచి తీసెయ్యండి, పైకి ఉబ్బితే ముద్ద ఎక్కువైంది, వెంటనే తెరిచి ఆ ఒక్కదాన్నీ సగం గీకెయ్యండి. ఇప్పుడు దిద్దుకోకపోతే గట్టిపడ్డాక దిద్దుకోవడానికి ఉండదు.

పెయింట్ మీద పడిన సీలెంట్‌ను పొడిగుడ్డతో తీసి, టర్పెంటైన్ తడిపిన గుడ్డతో తుడవండి. చేతికి అంటితే పొడిగుడ్డ, తర్వాత వంటనూనె, ఆ తర్వాత సబ్బు. థిన్నరుతో చేతులు కడగొద్దు. ఉబ్బసం ఉన్నవారు ఈ పని వేరేవాళ్ళకు వదిలెయ్యడం మంచిది. పీయూ సీలెంట్‌లో ఉండే ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు పడవు.

ఆరే గడువు

మొదటి రోజు సీలెంట్ అంచునుంచి లోపలికి సుమారు 3 మిల్లీమీటర్లు గట్టిపడుతుంది, ఆ తర్వాత వేగం తగ్గుతూ పోతుంది. 3 సెంటీమీటర్ల ముద్దకు నడిబొడ్డు అంచునుంచి 15 మిల్లీమీటర్లు లోపల ఉంది. అంటే పూర్తిగా పక్వానికి రావడానికి వారం దాటుతుంది. రెండు రోజులు బండి కదిలించొద్దు, సంచులు 24 గంటలు ఉంచి తీసెయ్యండి. మూడో రోజు నుంచి ఊళ్ళో తిరగొచ్చు. పదో రోజు దాకా హైవే, ప్రెషర్ వాటర్ సర్వీసింగ్ రెండూ వద్దు. పదో రోజు మళ్ళీ వేలి కణుపులతో తట్టి చూసి, పరుపు బిగించి, 60లో, తర్వాత 80లో, పక్కన ఒకరిని బానెట్ చూస్తుండమని కూర్చోబెట్టి నడపండి.

అంచు మడత విచ్చుకుంటే

మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలిలో నిలబెట్టే బండ్లకు, రొయ్యల గుంటల మీద తిరిగే బండ్లకు ముందు అంచు మడతలోనే తుప్పు మొదలవుతుంది. చీమకుర్తి గ్రానైట్ దుమ్ములో తిరిగే బండ్లకైతే మడత కింద నీళ్ళు కారే చిన్న రంధ్రాలు బురదతో పూడిపోతాయి, అక్కడ నిలిచిన నీళ్ళే తుప్పు పట్టిస్తాయి.

మడత విచ్చుకుని పైరేకు ఇంకా గట్టిగానే ఉంటే బాగుచెయ్యవచ్చు. ఇక్కడ నియమం తిరగబడుతుంది: మడతకు గట్టి ఎపాక్సీ ప్యానెల్ జిగురే కావాలి, మెత్తటి సీలెంట్ చాలదు. మడత లోపల పాత హాక్సా బ్లేడుతో తుప్పు గీకి, డ్రయ్యరుతో ఆరబెట్టి, తుప్పు మందు వేసి, అది ఆరాక జిగురు సిరంజితో ఎక్కించండి. మడతను సుత్తితో నేరుగా కొట్టకుండా చెక్క ముక్క ఆనించి మెల్లగా దించండి. పది సెంటీమీటర్లకు ఒకటి చొప్పున చెక్క బిళ్ళలు వేసి క్లాంపులు బిగించండి, పిండుకొచ్చిన జిగురు తుడిచెయ్యండి. ఒక రోజు తర్వాత క్లాంపులు తీసి మడత అంచు మీద సీమ్ సీలరు (అతుకులోకి నీళ్ళు దిగకుండా పూసేది), దానిపై ప్రైమరు, పెయింటు వెయ్యండి. లోపలికి గొట్టంతో క్యావిటీ మైనం (బోలు చోట్లలో తుప్పు పట్టకుండా కొట్టే మైనం) కొట్టండి. పని మొదలుపెట్టే ముందే నీళ్ళు కారే రంధ్రాల్లో అగ్గిపుల్లలు గుచ్చి ఉంచితే జిగురు, సీలరు వాటిని మూసెయ్యవు.

పైరేకు అంచు మీద పెయింటు బుడగలు లేచి, వేలితో నొక్కితే పెళ్ళలు రాలుతుంటే అది తుప్పు లోపలినుంచి తిని బయటికొచ్చినట్టు. అలాంటి బానెట్ మీద శ్రమపడొద్దు. స్క్రాప్ యార్డులో అదే మోడల్ బానెట్ చూసుకోండి, కొనేముందు ఇదే కాగితం పరీక్ష, ఇదే ట్యూబులైటు పరీక్ష అక్కడే చెయ్యండి. వెల్డింగ్ కొట్టిస్తామంటే ఒప్పుకోవద్దు. 0.7 మిల్లీమీటర్ల రేకు ఆ వేడికి ముడతలు పడుతుంది, చుట్టూ ఉన్న ముద్దలు, జిగురు కాలిపోయి ఇంకో జానెడు మేర ఊడుతుంది.

ఇకమీదట బానెట్ మూసేటప్పుడు జానెడున్నర ఎత్తు నుంచి వదిలితే దానంతట అదే లాక్ పడుతుంది, నొక్కే పని లేదు. ఏటా సెప్టెంబరు ఆఖర్లో, ముసురు మొదలవకముందే, ఆ నీళ్ళ రంధ్రాలను అగ్గిపుల్లతో ఒకసారి కెలికి, పైనుంచి చెంబుడు నీళ్ళు పోసి అన్ని రంధ్రాల్లోంచీ కారుతున్నాయో లేదో చూడండి.